పడక సంచి పుట్టుపూర్వోత్తరాలు



కొన్నేళ్ళ కిందట ఒక డిసెంబరులో బళ్ళారి నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. కాలేజీ స్నేహితులతో కలిసి ఉత్తరాఖండ్ కొండల్లో మంచు మీద నడవడానికి వెళుతోంది. "మామయ్యా, స్లీపింగ్ బ్యాగు కొన్నాను. చవగ్గానే దొరికింది. మైనస్ పది డిగ్రీల దాకా పనిచేస్తుందని చీటీ మీద రాసి ఉంది" అంది. మంచిదేనమ్మా అన్నాను.

తిరిగొచ్చాక చెప్పిన మాట వేరు. గుడారం బయట చలి మైనస్ నాలుగు దాటలేదట. అయినా రాత్రంతా పళ్ళు టకటకలాడుతూనే ఉన్నాయట. తెల్లవారేసరికి వేళ్ళు కొంకర్లు పోయి బూట్ల తాళ్ళు కట్టుకోలేకపోయిందట. "చీటీ అబద్ధం చెప్పిందా మామయ్యా?" అని అడిగింది.

చీటీ అబద్ధం చెప్పలేదు. నిజమే చెప్పింది. కాని అది మా మేనకోడలు అనుకున్న నిజం కాదు. ఈ తిరకాసు అర్థం కావాలంటే నూట అరవై ఏళ్ళకు పైబడిన కథ ఒకటి చెప్పుకోవాలి. అది స్లీపింగ్ బ్యాగు కథ. మన మాటల్లో చెప్పాలంటే పడక సంచి కథ.

ముందుగా ఒక చిన్న సంగతి. దుప్పటి వెచ్చగా ఉంటుందని మనం అంటాం. నిజానికి ఏ దుప్పటికీ తనదంటూ వెచ్చదనం లేదు. వెచ్చదనం మన ఒంటిది. పాతకాలపు అరవై వాట్ల బల్బు ఎంత వేడి ఇచ్చేదో, నిద్రపోతున్న మనిషి ఒళ్ళు కూడా ఇంచుమించు అంతే వేడి ఇస్తుంది. ఆ వేడిని పారిపోకుండా పట్టి ఉంచడమే దుప్పటి చేసే పని. అది కూడా నూలు, ఉన్ని పోగుల బలంతో కాదు. పోగుల సందుల్లో చిక్కుకుని కదలకుండా నిలిచిన గాలి వల్ల.

ఈ రహస్యం మన పెద్దలకు పుస్తకాలు చదవకుండానే తెలుసు. దక్కను గొర్రెల నల్ల ఉన్నితో నేసిన గొంగడిని కప్పుకుని గొర్రెల కాపరి కొండల్లో పడుకునేవాడు. తెలంగాణలో గొంగడి, కన్నడ సీమలో కంబళి, మరాఠీలో ఘోంగడి. మూడు భాషల్లోనూ వస్తువు ఒకటే. ఇంట్లో పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత ఉండేది. షోలాపూరు చద్దరు సంగతి సరేసరి. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీల మగ్గాలే దానికి దేశమంతటా పేరు తెచ్చాయి. సంక్రాంతి చలికి ఇవి చాలు. భోగిమంట దగ్గర రెండు నిమిషాలు కూర్చుంటే యానాంలో చలి యానాంలోనే పోతుంది. కాని నీళ్ళు గడ్డకట్టే చోట, మంచు మీద, గుడారంలో పడుకోవాలంటే దుప్పటికి రెండు లోపాలున్నాయి. ఒకటి, కదిలితే పక్కనుంచి గాలి దూరుతుంది. రెండు, కింద నుంచి వచ్చే చలిని ఆపదు. పడక సంచి ఈ రెండు లోపాల నుంచే పుట్టింది.

ఫ్రాన్సిస్ ఫాక్స్ టకెట్ అని ఒక ఇంగ్లీషు పెద్దమనిషి ఉండేవాడు. ఆల్ప్స్ పర్వతాలు ఎక్కడం ఆయనకు సరదా. ఆ రోజుల్లో కొండ ఎక్కేవాళ్ళు రాత్రిపూట రాతిగుహల్లోనో, పశువుల కాపరుల పాకల్లోనో తలదాచుకునేవారు. టకెట్ కంబళి గుడ్డతో ఒక సంచి కుట్టించి, దాని అడుగుభాగానికి రబ్బరు పూత పూసిన గుడ్డ వేయించాడు. 1861లో దాన్ని ఆల్ప్స్‌లో పరీక్షించి చూశాడు. రబ్బరు గుడ్డ అప్పటికి కొత్తది కాదు. స్కాట్లండుకు చెందిన చార్లెస్ మాకింతోష్ 1823లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. టకెట్ చేసిన కొత్త పని ఏమిటంటే, ఆ రబ్బరును పైన కాకుండా అడుగున వేయడం. పైనుంచి కురిసే మంచుకన్నా కింద ఉన్న తడి నేల ప్రమాదమని ఆయన గ్రహించాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చివర్లో దీనితో మనకు పని ఉంది.

టకెట్ సంచి తన కోసం, తనవంటి కొద్దిమంది కోసం. దాన్ని బజారు సరుకుగా మార్చినవాడు వేరొకడు. వేల్సు దేశంలో న్యూటౌన్ అనే చిన్న ఊరు. అక్కడ ప్రైస్ ప్రైస్ జోన్స్ అనే బట్టల వ్యాపారి. వేల్సు ఉన్ని ఫ్లానెల్‌ను రైలు మీదా, పోస్టు మీదా ఇంటింటికీ పంపి అమ్మేవాడు. ఈనాడు మనం చూస్తున్న, ఇంట్లో కూర్చుని సరుకు తెప్పించుకునే పద్ధతికి మొదటి మెట్లు వేసినవాళ్ళలో ఆయన ఒకడు. విక్టోరియా మహారాణి, ఫ్లారెన్స్ నైటింగేల్ కూడా ఆయన ఖాతాదారులే.

1876లో ఆయన ఒక కొత్త వస్తువుకు పేటెంటు తీసుకున్నాడు. దాని పేరు యూక్లిసియా రగ్గు. చూడడానికి ఉన్ని రగ్గే. మడిచి బిగిస్తే సంచి అవుతుంది. గాలి ఊదుకునే రబ్బరు దిండు అందులోనే ఉంటుంది. రష్యా సైన్యం అరవై వేల రగ్గులకు ఆర్డరు ఇచ్చింది. అది రష్యాకూ టర్కీకీ యుద్ధం జరుగుతున్న కాలం. ఇప్పటి బల్గేరియాలో ఉన్న ప్లెవ్నా పట్టణాన్ని రష్యా సైన్యం నెలల తరబడి ముట్టడించింది. 1877 డిసెంబరులో ప్లెవ్నా పడిపోయింది. రష్యా వాళ్ళు మిగిలిన ఆర్డరు రద్దు చేశారు. ప్రైస్ జోన్స్ గోడౌన్‌లో పదిహేడు వేల రగ్గులు మిగిలిపోయాయి.

మరొక వ్యాపారి అయితే తల పట్టుకునేవాడు. ఈయన వాటిని తన జాబితాలో చేర్చి అమ్మకానికి పెట్టాడు. పేదలకు సాయం చేసే ధర్మసంస్థలు చవకైన పడకగా వాటిని కొన్నాయి. ఆస్ట్రేలియాలో ఆరుబయట బతికేవాళ్ళ దాకా అవి చేరాయి. సైనికుల కోసం తయారైన సరుకు అలా మిగిలిపోయి మామూలు మనిషికి అందుబాటు ధరలో దొరికింది. తర్వాత కాలంలో పెద్ద యుద్ధాల వెనుక కూడా ఇలా జరిగింది.

సరిగ్గా ఆ మరుసటి ఏడు, 1878 సెప్టెంబరులో, ఒక యువరచయిత ఫ్రాన్సు దక్షిణాన సెవెన్ కొండల్లో కాలినడకన బయలుదేరాడు. పేరు రాబర్ట్ లూయీ స్టీవెన్సన్. తర్వాత ట్రెజర్ ఐలండ్ రాసినది ఆయనే. గుడారం వేసుకుంటే దారిన పోయేవాళ్ళందరికీ కనబడుతుంది, సంచి అయితే ఎవరి కంటా పడదు అని ఆలోచించి, తనే ఒక సంచి కుట్టించుకున్నాడు. బయట బండ్ల మీద కప్పే ఆకుపచ్చటి నీరు దిగని గుడ్డ. లోపల నీలిరంగు గొర్రె బొచ్చు. పొడవూ వెడల్పూ ఇంచుమించు ఆరేసి అడుగులు. వెచ్చగానే ఉండేది. కాని ఎత్తితే కదా! దాన్ని మోయడానికి అరవై అయిదు ఫ్రాంకులూ, ఒక గ్లాసు బ్రాందీ ఇచ్చి ఒక గాడిదను కొనవలసి వచ్చింది. ఆ గాడిద పేరు మోడెస్టీన్. స్టీవెన్సన్ సంచికన్నా ఆ గాడిదే లోకానికి ఎక్కువ గుర్తుండిపోయింది.

నేల చలి, ధర, బరువు. ఇప్పటికి మూడు సమస్యలు చూశాం. ఇక ధ్రువ ప్రాంతాలకు వెళదాం.

1888లో నార్వేకు చెందిన ఫ్రిత్యోఫ్ నాన్సెన్ మరి అయిదుగురితో కలిసి గ్రీన్‌లాండును ఈ చివరి నుంచి ఆ చివరికి మంచు మీద దాటాడు. ఆయన వెంట ఉన్నవి రెయిన్‌డీర్ అనే మంచుదేశపు దుప్పి తోలుతో చేసిన సంచులు. ఆరుగురికి ఆరు సంచులు కాదు. రెండే సంచులు. ఒక్కొక్క దానిలో ముగ్గురు. అందువల్ల బండ్ల మీద లాగవలసిన బరువు తగ్గింది. ముగ్గురి ఒంటి వేడీ కలిసింది. చలికాలంలో మన ఇళ్ళల్లో పిల్లలంతా ఒకే బొంత కింద దూరినట్టే.

కాని తోలు సంచుల అసలు పరీక్ష 1911లో దక్షిణ ధ్రువ ఖండంలో జరిగింది. కెప్టెన్ స్కాట్ దళం నుంచి ముగ్గురు, విల్సన్, బవర్స్, చెర్రీ గరార్డ్, నడి చలికాలంలో కేప్ క్రోజియర్‌కు బయలుదేరారు. ఎంపరర్ పెంగ్విన్ గుడ్లు తేవడం వాళ్ళ పని. జూన్ 27న బయలుదేరి ఆగస్టు 1న తిరిగి వచ్చారు. అక్కడ ఆ నెలల్లో సూర్యుడు కనిపించడు. ఒక దశలో చలి మైనస్ అరవై సెంటీగ్రేడుకు పడిపోయింది.

వాళ్ళ సంచులు మంచివే. రెయిన్‌డీర్ తోలు, లోపల ఐడర్ బాతు నూగు పొర. నూగు అంటే పైకి కనిపించే ఈకలు కాదు, వాటి కింద ఒంటికి ఆనుకుని ఉండే మెత్తటి దూది వంటిది. మరి ఏమైంది? రాత్రి పడుకున్నప్పుడు ఊపిరిలోని తేమ, ఒంటి చెమట సంచిలోకి ఇంకిపోయి అక్కడే గడ్డకట్టాయి. ఆరబెట్టుకోవడానికి ఎండ లేదు. మరుసటి రాత్రి ఆ గడ్డ ఒంటి వేడికి కరగాలి, తర్వాత మళ్ళీ గట్టిపడాలి. చెర్రీ గరార్డ్ సంచి బయలుదేరినప్పుడు పద్దెనిమిది పౌనులు, అంటే ఎనిమిది కిలోలు. తిరిగి వచ్చినప్పుడు తూచితే నలభై అయిదు పౌనులు. ఇరవై కిలోలు! పెరిగిందంతా మంచుగడ్డే. సంచిలోకి దూరడానికే ఎంతో సేపు పెనుగులాడవలసి వచ్చేది.

క్రోజియర్ దగ్గర పెనుగాలికి వాళ్ళ గుడారం ఎగిరిపోయింది. రాళ్ళతో కట్టుకున్న గుడిసె పైకప్పూ పోయింది. ముగ్గురూ ఆ గడ్డకట్టిన సంచుల్లోనే, మంచు కింద, పాటలు పాడుకుంటూ గాలి తగ్గేదాకా పడుకున్నారు. అదృష్టం కొద్దీ గుడారం దిగువన దొరికింది. బతికి బయటపడ్డారు. బవర్స్ తన దగ్గర వాడకుండా దాచుకున్న నూగు పొరను చెర్రీ గరార్డ్‌కు ఇచ్చాడు. ఈ సంగతులన్నీ చెర్రీ గరార్డ్ 1922లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. వాళ్ళు మూడు గుడ్లు తెచ్చారు. వాటితోపాటు మనకు ఒక పాఠమూ తెచ్చారు. ఎంత ఖరీదైన సంచి అయినా తడిస్తే పనికిరాదు.

ఆ పుస్తకం వచ్చిన ఏడాదే, 1922లో, ఎవరెస్టు ఎక్కడానికి వెళ్ళిన జార్జి ఫించ్ బెలూన్ గుడ్డలో ఐడర్ నూగు నింపి కుట్టించిన కోటు వేసుకున్నాడు. తోటివారు మొదట నవ్వారు, చలి ముదిరాక అసూయపడ్డారు. అమెరికాలోని సియాటిల్‌లో ఎడ్డీ బాయర్ అనే దుకాణదారు ఒకసారి చేపల వేటకు వెళ్ళి చలికి చావు అంచుదాకా వెళ్ళి వచ్చాడు. తర్వాత నూగు కోటు తయారుచేసి 1940లో పేటెంటు పొందాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సేనలకు నూగు నింపిన పడక సంచులు కుట్టి ఇచ్చాడు. నూగులో గొప్ప గుణం ఒకటుంది. పిడికెడు నూగు వదిలిపెడితే బుట్టెడవుతుంది. అంటే తక్కువ బరువుతో ఎక్కువ గాలిని పట్టి ఉంచుతుంది. స్టీవెన్సన్ గాడిద అవసరం తీరిపోయింది. కాని ధర పెరిగింది. పైగా నూగు తడిస్తే ముద్దయిపోతుంది.

సామాన్యుడికి దారి చూపింది మరొక పదార్థం. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు పాలిస్టరు పోగును కనిపెట్టారు. టెరిలిన్ అనీ, డాక్రాన్ అనీ దానికి తర్వాత పేర్లు వచ్చాయి. మనవాళ్ళు టెరిలిన్ చొక్కాలుగా దాన్ని ఎరుగుదురు. అదే పోగును దూదిలా చేసి సంచుల్లో నింపారు. నూగుకన్నా బరువు, నూగంత చిన్నగా మడత పడదు. కాని ధర చాలా తక్కువ. తడిసినా పూర్తిగా చావదు. తొందరగా ఆరుతుంది. లోపల బోలుగా ఉండే పోగులు, 1980ల్లో అమెరికా సైన్యం కోసం తయారైన సన్నటి పోగులు దాన్ని ఇంకా మెరుగుపరిచాయి. ఇవాళ మన బజార్లలో దొరికే చవకరకం సంచుల్లో చాలావాటిలో ఉన్నది ఈ పాలిస్టరే.

ఇక అసలు చిక్కు దగ్గరకు వచ్చాం. చీటీ మీది అంకె.

అదే 1941లో గాగీ, బర్టన్, బజెట్ అనే శాస్త్రవేత్తలు వెచ్చదనాన్ని కొలవడానికి క్లో అనే కొలమానం పెట్టారు. మామూలు గదిలో కదలకుండా కూర్చున్న మనిషిని హాయిగా ఉంచే సూటు ఒక క్లో. అయితే కొలమానం పుట్టినా చాలా కాలం దాకా సంచుల మీద ఏ కంపెనీ రాసిన అంకె ఆ కంపెనీదే. ఒకరి మైనస్ అయిదు, మరొకరి మైనస్ అయిదు ఒకటి కాదు. చివరికి 2002లో ఐరోపా దేశాలు అందరికీ ఒకే పరీక్ష పెట్టాయి. 2016లో దాని స్థానంలో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఒంట్లో వేడి పుట్టించే బొమ్మకు లోపలి బట్టలూ మేజోళ్ళూ తొడిగి, చాప మీద, సంచిలో పడుకోబెట్టి, చల్లటి గదిలో ఎంత వేడి పోతున్నదో కొలుస్తారు. దాన్నిబట్టి ముఖ్యంగా మూడు అంకెలు తేలుస్తారు.

మొదటిది కంఫర్టు. మామూలు స్త్రీ ఆ చలిలో హాయిగా నిద్రపోగలదు. రెండోది లిమిట్. మామూలు పురుషుడు ముడుచుకుని పడుకుంటే ఎలాగో నిద్రపట్టే చలి. మూడోది ఎక్‌స్ట్రీమ్. ఇది నిద్రకు సంబంధించిన అంకె కాదు. ఒక స్త్రీ ఆరు గంటలపాటు చలికి ప్రాణం పోకుండా ఉండగలదని చెప్పే అంకె. వేళ్ళకు మంచుకాటు తగిలినా తగలవచ్చు.

మా మేనకోడలి సంచి తెప్పించి చూశాను. పెద్ద అక్షరాలతో మైనస్ పది. కింద చీమతలకాయంత అక్షరాలతో ఎక్‌స్ట్రీమ్ అని ఉంది. లోపలి చీటీలో కంఫర్టు అంకె ఉంది. అది ప్లస్ ఏడు! అంటే మన లంబసింగి చలికాలపు రాత్రికే ఆ సంచి చాలదన్నమాట. పైగా ఆ పిల్ల నేల మీద పలచటి ప్లాస్టిక్ పట్టా ఒకటే వేసుకుంది. ఒంటి బరువుకు సంచి అడుగున ఉన్న దూది నలిగిపోతుంది. నలిగితే గాలి ఉండదు. గాలి లేకపోతే వెచ్చదనం లేదు. బొమ్మకు చాప వేసి పరీక్షించారు. మనిషికి చాప లేదు. 1861లో టకెట్ గ్రహించిన సంగతినే మేము మరిచిపోయాం.

కనుక తక్కువ డబ్బుతో చలిదేశం వెళ్ళేవారు ఈ కథ నుంచి కొన్ని మాటలు మూటకట్టుకోవచ్చు.

మొదట చూడవలసింది కంఫర్టు అంకె. వెళ్ళే చోట రాత్రి ఎంత చలి ఉంటుందో కనుక్కుని, అంతకన్నా అయిదు డిగ్రీలు తక్కువకు పనికివచ్చేది ఎంచుకోండి. ఆ అంకె ఎక్కడా రాయని సంచి జోలికి పోకండి. రెండో మాట, ఉన్న డబ్బంతా సంచికే పెట్టకండి. కొంత మిగిల్చి దట్టమైన ఫోమ్ చాప కొనండి. ఇంట్లో గొంగడి ఉంటే చాప మీద పరవండి. ఉన్ని తొందరగా నలగదు. మూడు, వాన, తేమ ఉన్న చోటికి చవకలో పాలిస్టరే మేలు. పొడి చలికి, ఎక్కువ దూరం మోసుకు నడిచేవారికి నూగు మేలు. నాలుగు, సంచి ఒంటికి తగినంత ఉండాలి. మరీ పెద్దదైతే ఖాళీ చోటును కూడా మన ఒళ్ళే వేడెక్కించాలి.

ఇక తడి సంగతి. నడిచిన బట్టలతో సంచిలో దూరవద్దు. వాటిలో చెమట ఉంటుంది. నూలు బట్ట ఆ తడిని వదలదు. పొడి బట్టలు, ఉన్ని టోపీ వేసుకోండి. ముక్కూ నోరూ సంచి బయటే ఉంచండి. చలిగా ఉందని లోపల ఊపిరి వదిలితే చెర్రీ గరార్డ్ కథే. పొద్దున లేవగానే సంచిని తిరగేసి ఎండలో వేయండి. ఇంటికి వచ్చాక బిగించి మూట కట్టి అటక మీద పడేయకండి. వదులుగా వేలాడదీయండి. ఇవేవీ డబ్బుతో కొనేవి కావు.

ఒకసారి వెళ్ళి వచ్చే ప్రయాణమే అయితే కొనడమెందుకు? కొండ ప్రయాణాలు నడిపేవాళ్ళు చాలామంది సంచులు అద్దెకిస్తారు. అద్దె సంచికీ ఇదే ప్రశ్న వేయండి. కంఫర్టు ఎంత?

మంచు కొండలు డబ్బున్నవాళ్ళ సరదా అని ఒకప్పుడు అనుకునేవారు. 2014 మే 25న ఆ మాట చెదిరిపోయింది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా పిల్లవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఇద్దరూ ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల్లో చదువుకున్న పేదింటి పిల్లలు. భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకున్నారు. డార్జిలింగ్‌లో శిక్షణ పొందారు. మన పిల్లలు అక్కడిదాకా వెళ్ళే రోజులొచ్చాయి గనుకనే, వాళ్ళ వెంట పంపే సంచి గురించి ఇళ్ళల్లో పెద్దలకు కూడా తెలియాలి. మా మేనకోడలు ఫోన్ చేసినప్పుడు నాకు తెలియదు. తెలిసి ఉంటే ఒక్క ప్రశ్న అడిగేవాణ్ణి, ఆ రాత్రి ఆ పిల్లకు నిద్రపట్టేది.

మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళింది. కొత్త సంచి కొనలేదు. పాతదానిలోనే అద్దెకు తెచ్చిన మరొక సంచి దూర్చింది. కింద ఫోమ్ చాప, దాని మీద మా అమ్మ పెట్టెలోని పాత గొంగడి. "మామయ్యా, తెల్లారేదాకా మెలకువే రాలేదు" అంది.